కొయ్య దిగిన చప్పుడు

మొన్న మా ఊళ్లో పొలాలు కొలిచేందుకు సర్వేవాళ్లు వచ్చారు. యంత్రాలు పెట్టి చూసుకున్నారు, ఫోన్లలో ఏవో గుర్తులు పెట్టుకున్నారు. చివరికి హద్దు దగ్గర మాత్రం పాత పద్ధతే. మా దాయాది కొడుకు ఒక కొయ్యని రెండు చేతులా నిటారుగా పట్టుకున్నాడు, ఇంకో కుర్రాడు సమ్మెట ఎత్తాడు. మొదటి రెండు దెబ్బలూ టక్కు టక్కుమని గట్టిగా మోగాయి. మూడో దెబ్బకి కొయ్య తడిమట్టిలోకి దిగి, చప్పుడు బొంగురుపోయింది. రాత్రి వాన పడిందేమో, దున్నిన మట్టి వాసన ముక్కుకి కొట్టింది.

ఆ చప్పుడూ ఆ వాసనా కలిసి నన్ను ఎక్కడికో తీసుకుపోయాయి. ఇంగ్లండ్‌లో, నాటింగ్‌హామ్‌షైర్‌లో, లాక్స్‌టన్ అనే చిన్న పల్లెకి. నేను డాక్టరుగా పనిచేసిన రోజుల్లో నా చేతికింద ఉన్న ఊళ్లలో అదొకటి. ఈ పాతికేళ్లలో దాని గురించి నోటితో చాలామందికి చెప్పాను గానీ, కూర్చుని రాయడం ఇదే మొదటిసారి.

* * *

ఎనభైల్లో మాట. ఒల్లర్టన్ వైపు ఉండేవాళ్లం. చుట్టూ బొగ్గు గనులు. మన దేశం నుంచి వెళ్లిన డాక్టర్లలో చాలామంది అలాంటి గని ఊళ్లలోనే కుదురుకున్నారు. పొద్దున క్లినిక్‌లో దగ్గులు, నడుంనొప్పులు, రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చిన మనుషుల కళ్లచుట్టూ కాటుకలా మిగిలిపోయిన బొగ్గు గీత. సమ్మె జరిగిన ఏడాది, ఒకే ఇంట్లో అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. ఇద్దరూ నా దగ్గరికే వచ్చేవారు, వేర్వేరు రోజుల్లో.

మధ్యాహ్నాలు ఇళ్లకి వెళ్లి చూడాల్సిన రోగులుండేవారు. లాక్స్‌టన్ వంతు వచ్చిన రోజు నాకు ప్రాణం లేచొచ్చేది. ఒల్లర్టన్ నుంచి టక్స్‌ఫర్డ్ పోయే దారిలో కాస్త దూరం వెళ్లి పక్కకి తిరిగితే, అంతవరకూ రెండువైపులా కట్టుకున్న పచ్చటి ముళ్లకంచెలు ఒక్కసారిగా మాయమైపోతాయి. పొలం, పొలం, పొలం. అడ్డు లేదు. ఇంగ్లండ్‌లో అంత దూరం చూపు ఆగకుండా పోయే సాగుభూమి నాకు అంతకుముందు కనిపించలేదు. మొదటిసారి చూసినప్పుడు కారు ఆపి దిగిపోయాను. తెనాలి దాటాక రైలు కిటికీలోంచి కనిపించే మా డెల్టా గుర్తొచ్చి గొంతులో ఏదో అడ్డుపడింది.

ఊరు ఒక పొడుగాటి వీధి. ఇళ్లు వీధికి ముఖం పెట్టవు, పక్క పెట్టుకుని నిలబడతాయి. ఎర్ర ఇటుక గోడ రోడ్డుకి ఆనుకుని, వెనక దొడ్డి, కొట్టాలు, గడ్డివాములు. ఆ దేశంలో రైతు ఇల్లంటే సాధారణంగా తన పొలాల మధ్య ఒంటరిగా ఉంటుంది. ఇక్కడలా కాదు, రైతులందరూ మన పల్లెల్లోలాగే ఊళ్లో కాపురం ఉండి, పొద్దున్నే పొలానికి వెళ్తారు. ఎందుకంటే ఎవరి భూమీ ఒక్కచోట లేదు. మూడు పెద్ద పొలాలు. సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, వెస్ట్ ఫీల్డ్. మూడింటిలోనూ ప్రతి రైతుకీ చెక్కలు చెక్కలుగా భూమి. ఒక చెక్క మంచిదైతే ఇంకోటి నాసిది, ఒకటి ఊరికి దగ్గరైతే ఇంకోటి దూరం.

పంట కూడా పొలమంతటికీ ఒకటే. ఒక పొలంలో చలికాలపు గోధుమ వేస్తే, రెండోదాంట్లో వసంతంలో వేసే పంట, మూడోది బీడు. మర్నాటి ఏడాది వంతు మారుతుంది. ఆ చక్రం వందల ఏళ్లుగా తిరుగుతూనే ఉంది. పూర్వం కోతలైపోయాక ఊరి గొడ్లూ గొర్రెలూ కలిసి ఆ మోడుల్లో మేసేవట. మా ఊళ్లో వేసవిలో గొర్రెలమంద కట్టించి రాత్రంతా పొలంలో పడుకోబెట్టేవాళ్లు, ఎరువు కోసం. ఈ సంగతి చెప్తే అక్కడి ముసలాళ్లు తలూపేవారు, తెలిసిన చుట్టం గురించి విన్నట్టు.

* * *

నా రోగుల్లో ఒక పెద్దాయన ఉండేవాడు. పేరు రాయను. బూజు పట్టిన ఎండుగడ్డి దుమ్ము ఏళ్లతరబడి పీల్చి ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఆ జబ్బుని అక్కడ రైతు పేరుతోనే పిలుస్తారు, ఫార్మర్స్ లంగ్ అని. ఆయన ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే లోపల కొత్త చెప్పులు నలిగినట్టు కిర్రుకిర్రుమని వినిపించేది.

వాళ్లావిడ వాకిట్లోకి రాగానే "ఏ అప్, మి డక్" అనేది. నాటింగ్‌హామ్‌షైర్‌లో పలకరింపు అదే. పెద్దా చిన్నా లేదు, డాక్టరూ పాలవాడూ తేడా లేదు, అందరూ 'డక్'లే. మన వైపు ముసలమ్మలు 'నాయనా' అన్నంత సహజంగా వస్తుంది ఆ మాట. నేను ఆ దేశంలో ఉన్నన్నాళ్లూ నన్ను బయటివాడిగా చూడని మాట అదొక్కటే అనిపించేది. వసారాలో ఎర్రమట్టి గడ్డకట్టిన బూట్ల వరస, పొయ్యి దగ్గర తడికుక్క వాసన, కాగుతున్న టీ. పనైపోయినా లేవబుద్ధి అయ్యేది కాదు.

పెద్దాయన మంచం కిటికీ పక్కన. అక్కణ్ణుంచి మిల్ ఫీల్డ్ కనిపిస్తుంది. మందుల గురించి చెప్పబోతే ఆయన పొలం గురించి మొదలుపెట్టేవాడు.

ఆయన నోటే విన్నాను ఆ ఊరి కథ. పూర్వం ఇంగ్లండ్ మధ్యభాగంలో చాలా ఊళ్లు ఇలాగే ఉండేవి. తర్వాత కంచెల చట్టాలొచ్చాయి. ఎవరి భూమి వాళ్లకి ఒకచోట చేర్చి, కంచె కట్టేసుకోవడం. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు అలాంటి చట్టాలు ఐదు వేలకి పైగా చేసింది. 68 లక్షల ఎకరాలకి కంచెలు పడ్డాయి. ఒక ఆవునో నాలుగు బాతులనో ఊరుమ్మడి బీట్లో మేపుకుని బతికిన పేదవాళ్లకి ఆ బీడు లేకుండా పోయింది. ఊళ్లు వదిలి పట్నాల మిల్లుల్లోకి పోయారు. నేను ఇంగ్లండ్ వెళ్లినప్పుడు పచ్చగా, ముద్దుగా ఉన్నాయనుకున్న ఆ ముళ్లకంచెలు, ఈ సంగతి విన్నాక మరి అలా కనిపించలేదు.

మరి లాక్స్‌టన్ ఎలా మిగిలింది? ఊరి భూమి ఇద్దరు ప్రభువుల మధ్య ఉండేది, వాళ్లిద్దరికీ పొసగలేదు. కంచెలు వెయ్యాలంటే ఇద్దరూ ఒక మాట మీదికి రావాలి. రాలేదు. పెద్దవాళ్ల తగువు ఒక ఊరిని కాపాడడం నేను ఇంకెక్కడా వినలేదు. తర్వాత 1952లో ఆ ఊరిని వ్యవసాయ మంత్రిత్వ శాఖ కొంది, 1981లో రాచరికపు ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్ చేతికి వచ్చింది. 2020లో మళ్లీ పాత యజమానుల థోర్స్‌బీ ఎస్టేట్‌కి చేరింది. యజమాని మారినప్పుడల్లా ఊళ్లో గుండెలు దడదడలాడాయి. పొలాలు మాత్రం కంచెల్లేకుండానే ఉన్నాయి. ఐదు వందల ఎకరాలకి కాస్త తక్కువ.

* * *

ఊరి మధ్య డవ్‌కోట్ అనే సత్రం. పానశాల అంటే బావుండదు, ఊరికి అది రచ్చబండ కూడా. ఆ ఆవరణలోనే ఊరి చరిత్ర చెప్పే ఒక గది ఉండేది. 1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయరు గీసిన ఊరి పటం గురించి నాకు తెలిసింది అక్కడే. అసలుది ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. ప్రతి చెక్కా, ప్రతి ఇల్లూ గీశాడాయన. అంతటితో ఆగకుండా, పొలాల్లో గోరంత మనుషుల్ని కూడా పెట్టాడు. ఒకడు నాగలి పట్టాడు, ఒకరు కోత కోస్తున్నారు, ఒక మూల వేట సాగుతోంది. రైతులు ఆ పటం నకలు ముందు నిలబడి వేలితో తమ చెక్క వెతుక్కోవడం చూశాను. మూడున్నర శతాబ్దాల కిందటి పటంలో ఈ ఏటి గోధుమ పొలం కనిపించడం మామూలు విషయం కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చెక్కల్ని కలిపి కాస్త పెద్దవి చేశారు. పొలాలు మాత్రం అవే.

చర్చి సెయింట్ మైకేల్‌ది. లోపల ఎవరింగ్‌హామ్ వంశపు ప్రతిమలు పడుకుని ఉంటాయి. షెర్వుడ్ అడవికి కాపలా అధికారం తరతరాలుగా ఉన్న వంశం అది. రాతి ప్రతిమల మధ్య ఒక స్త్రీది కొయ్యతో చెక్కింది. ముక్కూ ముఖం అరిగిపోయి, చేతులు మాత్రం ప్రార్థనలో కలిసి ఉన్నాయి. వాళ్లుండిన కోట ఇప్పుడు ఊరికి ఉత్తరాన గడ్డి మొలిచిన మట్టిదిబ్బ. ఇలాంటి ఊరిని అక్కడ ప్యారిష్ అంటారు. మొదట్లో ఆ మాటకి ఒక చర్చి కిందకి వచ్చే ఊరనే అర్థం. 1894 నుంచి ప్యారిష్ కౌన్సిలు అంటే మన పంచాయతీ లాంటిది. లాక్స్‌టన్‌లో ఊరిని నడిపే ఈ రెండింటితోపాటు మూడోది కూడా ఉంది. దాని గురించే చెప్పబోతున్నాను.

* * *

మా అబ్బాయి పుట్టినప్పుడు అమ్మానాన్నా వచ్చారు. నవంబరు నెల. నాన్నకి ఊపిరాడలేదు. సాయంత్రం నాలుగింటికే చీకటి, ఇల్లంతా మూసిన కిటికీలు, చెయ్యడానికి పని లేదు. పంచె మీద ఓవర్‌కోటు, నెత్తిన మంకీ టోపీ, కిటికీ దగ్గర కూర్చుని వానని చూస్తుండేవాడు. ఇంటి దగ్గర ఒక కేసు నడుస్తోంది అప్పటికి పదేళ్లుగా. మా చిన్నతాత కొడుకుతో. మూరెడు గట్టు. ఆయనే మాది కలుపుకున్నాడని నాన్న, నాన్నే వాళ్లది కలుపుకున్నాడని ఆయన. ఇద్దరూ ఒకే బస్సులో కోర్టుకి వెళ్లి, ఒకే బస్సులో తిరిగొచ్చేవారు, మాట లేకుండా.

ఒక గురువారం పొద్దున నాన్నని లాక్స్‌టన్ తీసుకెళ్లాను. పెద్దాయన ముందే చెప్పి ఉంచాడు, ఆ రోజు జ్యూరీ డే అని.

ఆ ఊళ్లో కోర్ట్ లీట్ అని ఒక ఊరికోర్టు ఉంది. మధ్యయుగాల నాటిది. మిగతా ఊళ్లలో ఇలాంటివి ఉన్నా అవి అలంకారానికే. 1977లో చట్టం చేసి పాత కోర్టుల అధికారాలన్నీ తీసేసినప్పుడు, లాక్స్‌టన్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఏటా పన్నెండు మంది రైతుల జ్యూరీ, వాళ్లకొక ఫోర్‌మన్. నవంబరు చివర్లో, ఆ ఏడు గోధుమ వేసిన పొలమంతా వాళ్లు నడిచి చూస్తారు. ఎవరి చెక్క ఎక్కడికి ఆగాలో అక్కడ కొయ్యలు కొడతారు. దారిలోకో, గడ్డి పట్టీలోకో ఎవరైనా నాగలి దించితే రాసుకుంటారు. ఆ గడ్డి పట్టీల్ని సైక్‌లు అంటారు. దున్నడానికి పనికిరాని పల్లం, నీళ్లు పోయే చోట్లు. వేసవిలో రకరకాల పూలు పూస్తాయి. ఆ గడ్డిని వేలం వేస్తారు.

ట్రాక్టరు వెనక ట్రైలర్‌లో గడ్డిమోపుల మీద కూర్చుని వెళ్లాం. పెద్దాయన కూడా ఎక్కాడు, వాళ్లావిడ వద్దంటున్నా వినకుండా. నాన్నకి ఎవరో రబ్బరు బూట్లు ఇచ్చారు. పొలం చేరాక నాన్న అటూ ఇటూ చూసి, "గట్లేవిరా?" అన్నాడు.

లేవు. చెక్కకీ చెక్కకీ మధ్య ఒక చాలు, అంతే.

నాన్న వంగి గుప్పెడు మట్టి తీశాడు. ఎర్రటి బంకమట్టి. వేళ్ల మధ్య నలిపి, వత్తి, పురి పెట్టాడు. విరగలేదు. "ఇది మన రేగడికి చెల్లెలురా. ఎర్రచీర కట్టుకుంది" అన్నాడు. నేను పెద్దాయనకి చెప్పాను. ఆయన నవ్వుదామనుకుని దగ్గు తెరలో చిక్కుకున్నాడు. దగ్గు ఆగాక తానూ ఒక ముద్ద తీసి అలాగే పురి పెట్టి చూపించాడు. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ ఎర్రటి వేళ్లతో నిలబడ్డారు.

పక్కన దున్నకుండా గడ్డికి వదిలేసిన నేల మీద పాత సాళ్ల గట్లు ఇంకా తెలుస్తున్నాయి, నిద్రపోతున్నవాడి దుప్పటి ముడతల్లా. అవి తిన్నగా లేవు. పొడుగునా వచ్చి చివర్లో పాములా ఒంపు తిరిగాయి. ఎందుకో నాకు అంతవరకూ తెలీదు, ఎప్పుడూ అడగలేదు. నాన్న చూసీ చూడగానే, "ఎడ్ల జతలు ఎక్కువ కట్టేవాళ్లు వీళ్లు. చివరికొచ్చాక ఒక్కసారి మళ్లవు, ముందునుంచే ఒంపు తిప్పాలి" అన్నాడు. పెద్దాయనని అడిగితే అవునన్నాడు. ఎనిమిది ఎడ్ల దాకా కట్టేవారట. నాన్న మొహంలో ఇంగ్లండ్ వచ్చాక మొదటిసారి వెలుగు చూశాను.

ఆ రోజే ఇంకో సంగతి తెలిసింది. ఎకరం అనే మాట ఈ నేలదే. ఒక ఎడ్ల కట్టు ఒక రోజులో దున్నగలిగినంత భూమి. ఫర్లాంగు అంటే ఒక చాలు పొడుగు, ఎడ్లు ఊపిరి తీసుకోకుండా లాగగలిగినంత. గుంటర్ అనే ఆయన 1620 ప్రాంతంలో చేసిన కొలతగొలుసు 66 అడుగులు, వంద లింకులు. గొలుసు వెడల్పూ, ఫర్లాంగు పొడవూ ఉన్న చెక్కే మన ఎకరం, 4,840 చదరపు గజాలు. అందులో వందో వంతు సెంటు. క్రికెట్ పిచ్ 22 గజాలు కూడా ఆ గొలుసే. నాన్న పుట్టినప్పటినుంచీ నోట్లో నానిన మాటలు. ఆ మాటల వెనక తనలాంటి రైతూ, తన ఎడ్లలాంటి ఎడ్లూ ఉన్నాయని తెలిసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత జరిగింది చెప్తాను.

ఒకచోట జ్యూరీ ఆగింది. సైక్ అంచున గడ్డి అడుగు మేర తిరగబడి ఉంది. ఎవరో నాగలి లోపలికి దించారు. నలుగురూ వంగి చూశారు. అటు పక్క కొయ్యకీ ఇటు పక్క కొయ్యకీ కన్నుపెట్టి చూపు కలిపారు. ఒకాయన చేతులు జేబులో పెట్టుకుని, "అది నాదే" అన్నాడు. ఆ చెక్క ఆయనది, ఆయన జ్యూరీలో ఉన్నాడు. ఫోర్‌మన్ పుస్తకంలో రాసుకున్నాడు. కొత్త కొయ్య తెచ్చారు. దాన్ని పట్టుకుని నిలబెట్టింది ఆయనే. పక్క చెక్కవాడు సమ్మెట ఎత్తి కొట్టాడు. టక్కు, టక్కు, తర్వాత ఆ బొంగురు చప్పుడు. ఒకరి చెయ్యి మీద ఒకరు సమ్మెట దించుతున్నంత దగ్గరగా, ఇద్దరూ ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుంటున్నారు.

"ఏమంటున్నాడు?" అన్నాడు నాన్న. చెప్పాను.

"తప్పు చేసినవాడు తనే పట్టుకున్నాడా?"

"అవును."

"వాడి చేతనే కొయ్య పట్టించారా?" అని మళ్లీ అడిగాడు.

నా చేత పెద్దాయనని అడిగించాడు కూడా, ఇక్కడ తగువులు రావా అని. "ఎందుకు రావు, ఏటా వస్తాయి. అందుకే ఏటా నడుస్తాం" అన్నాడాయన.

* * *

వారం తిరిగేసరికి డవ్‌కోట్‌లో కోర్టు కూర్చుంది. లాయరు ఒకాయన ఊరి యజమాని తరఫున స్టీవార్డుగా, అంటే కోర్టు నడిపేవాడిగా వచ్చాడు. పేర్లు పిలవడం, బైబిలు మీద ప్రమాణం, వచ్చే ఏటి పొలానికి కొత్త జ్యూరీ. అడుగు గడ్డి దున్నినాయన జుర్మానా కట్టాడు. చిన్న మొత్తమే. పేరు మాత్రం అందరిముందూ చదివారు. నాన్న వెనక బెంచీ మీద మంకీ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, గుళ్లో కూర్చున్నట్టు.

బయటికి వచ్చాక ఊళ్లో గోడకట్టిన చిన్న దొడ్డి చూపించాను. పరాయి చేలో పడ్డ గొడ్లని తోలి కట్టే చోటు. "బందెలదొడ్డి!" అన్నాడు నాన్న గట్టిగా. వీధిలో వెళ్తున్న ఒకావిడ తిరిగి చూసి నవ్వింది.

ఫోర్‌మన్ ట్రైలర్‌లో మిగిలిన కొయ్య ఒకటి నాన్నకి ఇచ్చాడు. నాన్న దాన్ని పాత చొక్కాలో చుట్టి పెట్టె అడుగున పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఏటా డిసెంబరులో నాన్న ఉత్తరం వచ్చేది. క్షేమసమాచారాలయ్యాక చివర్లో ఒకే ప్రశ్న. 'ఈసారి ఏ పొలం నడిచారు, ఎన్ని కొయ్యలు కొట్టారు?' నేను లాక్స్‌టన్ వెళ్లినప్పుడు కనుక్కుని రాసేవాణ్ణి. పెద్దాయన పోయిన ఏడు కూడా జ్యూరీ నడిచింది. ఆయన కిటికీ కింద నుంచే ట్రాక్టరు వెళ్లింది.

ఒల్లర్టన్ గని 1994లో మూసేశారు. రిటైరయ్యాక ఒకసారి వెళ్లి చూశాను. ఆ పెద్దాయన ఇంట్లో ఇప్పుడు నాటింగ్‌హామ్‌లో ఉద్యోగం చేసుకునే జంట ఉంటోంది. వసారాలో బూట్లు లేవు. ఊళ్లో రైతులు వేళ్ల మీద లెక్కపెట్టేంత తగ్గారు, జ్యూరీకి మనుషులు దొరకడమే కష్టమవుతోందని ఒకాయన బాధపడ్డాడు. చర్చి దగ్గర కాకులు మాత్రం అప్పటిలాగే గోల చేస్తున్నాయి.

* * *

మొన్న సర్వేవాళ్లు వెళ్లిపోయాక పశువులపాక వైపు నడిచాను. గొడ్లు లేక చాలా ఏళ్లయింది. పాక ఒక పక్కకి ఒరిగింది. మూలన నాన్న పాతిన చోటే ఉంది ఆ కొయ్య. తల సమ్మెట దెబ్బలకి పువ్వులా విచ్చుకుంది. నడుమ పలుపుతాడు రాసుకుని రాసుకుని చుట్టూ నున్నటి గాడి పడింది.

"నాన్న దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదన్నయ్యా. కొత్తగా ఈనిన దూడని మాత్రం దానికే కట్టేవాడు" అన్నాడు తమ్ముడు.

పీకబోయాను. రాలేదు.